నాయన పక్కన చోటు

మా ఇంట్లో అందరం కలిసి చేసిన ఒకే ఒక్క విహారయాత్ర పోలీసుల పుణ్యం. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఎన్నికలు ముంచుకొచ్చాయి. జమ్మలమడుగు స్టేషన్‌కు మా నాయనను పిలిపించి, పోలింగ్ అయ్యేదాకా ఊర్లో కనబడొద్దని గట్టిగా చెప్పి పంపారు. ఎదుటి పార్టీ వాళ్లకూ అదే మాట చెప్పారట. ఎటూ పోవాల్సిందే అయినప్పుడు చుట్టాల ఇళ్లలో ముడుచుకుని కూర్చోవడం దేనికి, పిల్లలకు చల్లటి చోటు చూపిద్దామని అమ్మ పట్టుబట్టింది. ప్రొద్దుటూరులో బస్సెక్కి, మరో రెండు బస్సులు మారి, తమిళదేశంలో ఒక కొండ మీది ఊరికి చేరాం.

మా నాయన పెద్ద నాయకుడేమీ కాదు. మా వైపు పార్టీ పెద్ద ఒకాయన ఉంటే, ఆయన వెంట తిరిగే పదిమందిలో ఒకడు. కానీ పగ పెద్దా చిన్నా చూడదు. మా చిన్నాయన అప్పటికే ఎదుటి పార్టీ వాళ్ల చేతుల్లో పోయాడు. తరువాతి పేరు నాయనదేనని ఊర్లో పిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజుల్లో మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. ఎంత పగ ఉన్నా ఆడవాళ్ల మీద, బిడ్డల మీద చెయ్యి వేయకూడదు. వినడానికి గొప్పగానే ఉంటుంది. ఆచరణలో దాని అర్థం ఏమిటంటే, ప్రాణభయం ఉన్న మగవాడు బయటికి పోవాలంటే పక్కన ఒక ఆడమనిషినో బిడ్డనో కూర్చోబెట్టుకోవాలి. పులివెందుల దగ్గర మా మేనత్త చీనీ పండ్ల తోటకు పోయినా, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పోయినా, జీపు ముందు సీట్లో నాయన పక్కన కూర్చునేది నేనే. నాయనకు నేనంటే అంత ప్రాణమని ఊరంతా అనుకునేది. నేనూ అనుకున్నాను. అనుకోవడమేమిటి, బడిలో గొప్పలు పోయేదాన్ని. కట్టుబాటు సంగతి నాకు తెలియక కాదు. అది వేరే వాళ్ల నాయనలకు సంబంధించిన విషయం అనుకున్నానంతే.

ఎత్తంటే మాత్రం నాకు చచ్చేంత భయం. మా మిద్దె మీద ఎప్పుడూ కాపలా మనుషులుండేవాళ్లు. వాళ్ల దగ్గర రంపపు పొట్టు పోసిన గంపల్లో నాటు బాంబులుండేవి కాబట్టి పిల్లలు మెట్ల దగ్గరికి కూడా పోకూడదు. పదకొండేళ్లూ నేల మీదే పెరిగాను. బడివాళ్లు గండికోటకు తీసుకుపోయినప్పుడు, అందరూ లోయ అంచున నిలబడి అడుగున పారే పెన్నను చూసి కేకలు పెడుతుంటే, నేను మసీదు గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుని కూర్చున్నాను. అయివారు బెదిరించినా కదలలేదు.

ఆ కొండూర్లో మూడో రోజు రోప్‌వే దగ్గరికి పోయాం. ఇనుప తీగకు వేలాడే కుర్చీలు, ఒక్కోదానిలో ఇద్దరు పడతారు. ఒక వైపు పైకి పోయేవి, పక్కనే ఇంకో వైపు కిందికి వచ్చేవి. కొండ కొసకు పోతే లోయంతా కనిపిస్తుందని బోర్డు పెట్టారు. ఆరోజు ఏదీ కనిపించేలా లేదు. మధ్యాహ్నం మూడు గంటలకే మంచు దిగి, నాలుగో స్తంభం తరువాత కుర్చీలు మాయమైపోతున్నాయి.

"నేను పైదంకా పోయొస్తా" అన్నాడు నాయన.

"పోయిరా. సన్నోన్ని ఎక్కనీరంట. వీన్ని పెట్టుకోని నేనీడే కూచుంటా" అంది అమ్మ. తమ్ముడు ఆమె ఒళ్లో ఉన్నాడు.

నాయన దిగివస్తున్న కుర్చీల వైపు కొంచెంసేపు చూశాడు. "ఒక్కన్నే ఏం పోతాలే. పాపను రానీ."

"దానికి ఎత్తంటే శానా భయం. అదేడ ఎక్కుతాది?"

"నేనుండా గదా. నా పక్కన కూచుంటే భయమేంది పాపా?"

నాయన అట్లా అడిగితే నేను బావిలోకైనా దిగేదాన్ని. చెప్పులు విడిచి చేత్తో పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. ఆ కుర్చీ మనకోసం ఆగదు. వెనక నుంచి వచ్చి మోకాళ్ల కింద ఒక్క తోపు తోస్తుంది, కూలబడాలి. అక్కడి పనివాడు ఒడి మీదుగా ఇనుప కడ్డీ దించాడు. కాళ్ల కింద నేల ఉన్నట్టే ఉండి, లేకుండా పోయింది.

నేను మొదట గమనించింది చప్పుడు లేకపోవడం. కింద ఉన్నంతసేపూ బజ్జీల అంగడి, పిల్లల ఏడుపు, మోటారు మోత. పది బారలు లేచేసరికి ఎవరో అన్నిటినీ ఒకేసారి నొక్కేసినట్టయింది. స్తంభం వచ్చినప్పుడు మాత్రం నెత్తిమీద చక్రాలు కటకటమని కొట్టుకునేవి, మళ్లీ ఏమీ ఉండేది కాదు. కింద చెట్ల తలలు మంచులోంచి నల్లగా లేచి ఉన్నాయి. ఒక చెట్టు కొమ్మల నిండా చెప్పులు. మా ముందు ఎక్కిన వాళ్లెవరెవరివో జారిపడి అక్కడ చిక్కుకున్నాయి. అన్నీ ఒంటి చెప్పులే, చిన్నపిల్లలవే ఎక్కువ. నా చెప్పులను కడుపుకు అదిమిపెట్టుకున్నాను.

ఎదురుగా దిగే కుర్చీలు మంచులోంచి ఒక్కొక్కటే వస్తున్నాయి. మొదట కడ్డీ కనిపిస్తుంది, తరువాత కాళ్లు, చివరికి మొహాలు. మా పక్కనుంచే, రెండు బారల దూరంలో, మమ్మల్ని చూస్తూ పోతాయి. చాలావరకు ఖాళీవే. ఖాళీ కుర్చీ వచ్చినప్పుడు నాకు ఇంకా భయం వేసేది, ఎక్కినవాళ్లు ఏమయ్యారని.

నాయనకు చెబుదామని మొహం తిప్పాను. నాయన కొండను చూడటం లేదు, చెట్లను చూడటం లేదు. ఎదురొచ్చే కుర్చీలనే చూస్తున్నాడు. ఒక్కో కుర్చీ మంచులోంచి బయటపడగానే నా భుజం మీది చెయ్యి బిగుసుకుంటుంది, అది దాటిపోయాక వదులవుతుంది. కొత్తగా పెళ్లైన జంట పోయింది, బిగుసుకుని వదిలింది. ఖాళీ కుర్చీ పోయింది, అప్పుడూ అంతే. తిరగడానికి లేదు, దిగడానికి లేదు, దాక్కోవడానికి గోడ లేదు. మా ఊర్లో అటువంటి దారిన నాయన ఎన్నడూ పోయి ఉండడు.

అప్పుడు ఆగిపోయింది.

కరెంటు పోయిందో మరేమో, కుర్చీ ఒక్క ఊపు ముందుకు ఊగి, వెనక్కి వచ్చి, వేలాడింది. తీగ సన్నగా మూలిగింది. ఆ తరువాత నిశ్శబ్దం. మా వైపు బండి దారిలో ఉన్నట్టుండి ఆగితే ఎవరూ మాట్లాడరు, ఎందుకు ఆగిందని కూడా అడగరు. నేనూ అడగలేదు.

మంచు కొద్దిగా పక్కకు జరిగింది. సరిగ్గా మాకు ఎదురుగా ఒక కుర్చీ ఆగి ఉంది. అందులో ఒక్కడే మనిషి. తలకూ మొహానికీ తువ్వాలు చుట్టుకున్నాడు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒళ్లో గుడ్డసంచి ఉంది. ఆ చలిలో సగం మంది అట్లాగే చుట్టుకుని తిరుగుతున్నారని ఇప్పుడు తెలుస్తుంది. మాకు మాత్రం తువ్వాలు చుట్టిన మొహానికి ఒకటే అర్థం.

ఆ మనిషి నా వైపు కన్నార్పకుండా చూశాడు. తువ్వాలు కింద ఏదో అన్నాడు, అరవం. ఆ తరువాత సంచిలో చెయ్యి పెట్టాడు.

నాయన ఊపిరి ఆగింది. నా చెవి పక్కనే ఉన్న ఊపిరి కాబట్టి తెలిసింది. ఆ మనిషి సంచిలోంచి గుండ్రటిది ఒకటి తీసి, చేతిలో ఒకసారి ఎగరేసి, మా వైపు విసిరాడు.

తరువాత జరిగింది రెప్పపాటే. కానీ నా మనసులో దానికి చాలా పొడవుంది. నాయన రెండు చేతులూ నా రెండు భుజాల మీద పడ్డాయి. నన్ను పక్కకు లాగుతాడనుకున్నాను. తన వెనక్కి లాగుతాడనుకున్నాను. నాయన నన్ను ఎత్తి తన ముందుకు తెచ్చుకున్నాడు. కడ్డీ కడుపులో గుచ్చుకుంది, కాళ్లు శూన్యంలో ఆడాయి, చేతిలోని చెప్పులు జారిపోయాయి. నాయన తల నా వీపు వెనకకు దిగింది. ఆయన నొసలు నా వెన్నెముకకు ఆనుకుని ఉంది.

ఆ గుండ్రటిది నా రొమ్ముకు తగిలి, కడ్డీ మీద పడి, కిందికి జారింది. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు. కమలాపండు. అది మంచులోకి పోయింది. మేమిద్దరం దాని చప్పుడు కోసం ఎదురుచూశాం. నా వీపు వెనక నాయన పళ్లు కొట్టుకుంటున్నాయి. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు.

ఎదుటి మనిషి తువ్వాలు తీశాడు. పళ్లూడిపోయిన ముసలాయన. బిడ్డ భయపడుతోంది, పండిస్తే ఊరుకుంటుందని అనుకున్నాడు పాపం. నేను పట్టుకోలేకపోయినందుకు నవ్వాడు. ఆ వెంటనే నా వెనక ముడుచుకున్న నాయనను చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. నన్ను చూశాడు, మళ్లీ నాయనను చూశాడు, తల దించుకుని తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. భాష తెలియని ఆ ముసలాయన మొహంలో నాకు అంతా తెలిసిపోయింది. జీపు ముందు సీటు ఏమిటో, పాపను రానీ అన్న మాట ఏమిటో అప్పుడు అర్థమైంది.

తీగ కదిలింది. ముసలాయన మంచులోకి పోయాడు. నాయన నన్ను మళ్లీ పక్కన కూర్చోబెట్టి, గౌను సర్దాడు.

"పడతావని పట్టుకుంటి" అన్నాడు.

నేను భుజం విడిపించుకుని కుర్చీ చివరికి జరిగాను.

పైన నాయన నాకు ఉడకబెట్టిన శనక్కాయలు కొనిచ్చాడు. కొత్త చెప్పులు కొనిస్తానన్నాడు. రాళ్లు గుచ్చుకుంటాయని ఎత్తుకోబోయాడు. ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం చిన్నప్పటి నుంచీ అంతే, నెమ్మదిగా రాదు. శనక్కాయల పొట్లం ఆయన చేతిలోనే పెట్టేసి దిగే కుర్చీల దగ్గరికి నడిచాను.

కుర్చీ వచ్చింది. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"నేనొక్కదాన్నే కూచుంటా."

"యాడన్నా పడతావు పాపా. నీకు ఎత్తంటే భయం గదా."

"నీ పక్కన కూచోను నాయనా."

నాయన ఎంతమందిని కొట్టాడో నాకు తెలుసు. ఆ మాటకు నన్ను కొడతాడనే అనుకున్నాను. కొట్టలేదు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పనివాడు నాయన మొహం చూశాడు. నాయన అటు తిరిగి, సరేనన్నట్టు తల ఊపాడు. తరువాతి కుర్చీ నన్ను తోసింది.

ఒక్కదాన్నే కాబట్టి కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. నడిమధ్యకు జరిగి, రెండు చేతులా కడ్డీ పట్టుకున్నాను. గండికోటలోలాగా కళ్లు మాత్రం మూసుకోలేదు. ఎదురుగా పైకి పోయే వాళ్లు ఒంటరిగా ఉన్న నన్ను వింతగా చూశారు. చెప్పుల చెట్టు నా కాళ్ల కింద నుంచి పోయింది. నావి అందులో ఉన్నాయేమో కనబడలేదు. నాయన వెనక కుర్చీలోనే ఉన్నాడనుకున్నాను. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.

కింద అమ్మ పరుగున వచ్చింది. "ఒక్కదానివే వచ్చినావేందే? మీ నాయన యాడ?"

"ఎనక కుర్చీలో వస్తాండాడు."

వెనక కుర్చీ మంచులోంచి వచ్చింది. ఖాళీగా ఉంది. కడ్డీ తెరుచుకుని ఊగుతూ మా ముందు తిరిగి మళ్లీ పైకి పోయింది. ఆ వెనకది వచ్చింది. అదీ ఖాళీనే. ఆ తరువాత ఎవరో దంపతులు దిగారు. మళ్లీ ఖాళీ, మళ్లీ ఖాళీ. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊర్లో జీపు ఆలస్యమైన రోజున వాకిట్లో నిలబడే మొహం అది. నాయన పడిపోయాడని, నేను అన్న మాటకే పడిపోయాడని అనుకున్నాను. కమలాపండు పోయినట్టే చప్పుడు లేకుండా పోయి ఉంటాడు. మంచులోంచి వచ్చే ప్రతి కుర్చీకీ దేవుడికి ఒక మొక్కు మొక్కుకున్నాను.

ఎన్ని కుర్చీలు తిరిగాయో తెలియదు. చివరికి ఒకదాంట్లో నాయన కాళ్లు కనిపించాయి. పక్కన ఇంకో జత కాళ్లున్నాయి. ఎవరో ముసలామె, ఒళ్లో పూలబుట్ట. కొండ మీద పూలమ్ముకునే మనిషిలాగుంది. నాయన ఆమె భుజం మీదుగా చెయ్యి వేసి కూర్చున్నాడు. కుర్చీ కిందికి రాగానే ఆమెను జాగ్రత్తగా దించాడు.

ఆమెకు తెలుగు వచ్చు. అమ్మను చూసి నవ్వింది. "మీ ఇంటాయన బంగారమమ్మా. ఎన్ని కుర్చీలొచ్చినా ఎక్కకుండా నిలబడినాడు. నేను నడిచి దిగతానంటే వద్దని, నన్ను పిలిచి పక్కన కూచోబెట్టుకున్యాడు."

అమ్మ ఒక్క క్షణం నాయన వైపు చూసింది. "అవునమ్మా, శానా మంచోడు" అని ముసలామె బుట్ట అందుకుంది. నాయన ఎవరి వైపూ చూడకుండా, నా శనక్కాయల పొట్లం ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

నా కోపం పోలేదు. ఈరోజుకీ పోలేదు. కానీ ఆయన బతికి వచ్చాడన్న సంతోషంతో ఆ కోపంలోనే ఏడ్చాను. ఆ పూలామె రాకపోయి ఉంటే, మా నాయన ఆ మంచులో, ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటిగా పోనిస్తూ, ఎంతసేపు నిలబడి ఉండేవాడో.