మూడోసారి తట్టింది ఎవరు

ఫిబ్రవరి పదిహేడు, సోమవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, బంగారుపేట స్టేషను రోడ్డులోని ఒక దంతవైద్యశాలలో, నా కుడిచేయి నన్ను అడగకుండా ఒక పని చేసింది. నా కూతురి వయసున్న డాక్టరమ్మ కుర్చీని వెనక్కి వాల్చి, చిన్న అద్దం పిడితో నా కింది వరస పళ్ళను ఒక్కొక్కటిగా తడుతూ వస్తోంది. ఎడమవైపు చివరి పన్ను దగ్గర మూడుసార్లు తట్టింది. నా చేయి లేచి, కుర్చీ పక్కనున్న ఇనుప పట్టీ మీద మూడు దెబ్బలు వేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఒడిలోకి వచ్చి పడుకుంది. ఆమె అద్దం వెనక్కి లాగి, "నొప్పా అంకుల్? నరం తీసేసిన పన్ను గదా ఇది, దీనికి నొప్పి ఎట్ల వస్తాది?" అని అడిగింది. నోట్లో దూది ఉన్నందున తల అడ్డంగా ఊపాను. దూది తీసిన తర్వాత, "అలవాటమ్మా" అన్నాను. "ఏం అలవాటో ఏమో, నా గుండె జారిపోయింది" అని నవ్వి, చివరి పన్ను ముందుకు ఒరిగి ఉందనీ, పక్క పన్ను పీకించినప్పుడే ఖాళీలో ఏదైనా కట్టించి ఉండాల్సిందనీ మందలించింది. ఆ మాట నాకు కొత్త కాదు. ఆమె పుట్టకముందో, పుట్టిన కొత్తలోనో, పంటి వైద్యం ఒక్క అక్షరం చదవని మనిషి ఒకడు నాకు అదే చెప్పాడు. ఆ రాత్రి డైరీలో "పన్ను తట్టారు, చేయి జవాబిచ్చింది" అని మాత్రం రాసుకున్నాను. మిగిలింది డైరీ పుటలో పట్టదు.

మా బాల్యం కోలారు బంగారు గనుల కార్మికుల లైను ఇళ్ళలో గడిచింది. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా కాలమైంది. బోర్డుల మీద పేర్లు మారాయి గానీ ఇళ్ళు మారలేదు. పైన జింకు రేకులు, వెనక బంగారం తీసేశాక పోసిన తెల్లని సైనైడు మట్టి దిబ్బలు, గాలి వీస్తే అన్నం మీద సన్నని బూడిద. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. అవతల తాలింపు వేస్తే ఇవతల తుమ్మేవాళ్ళం; ఇవతల పోట్లాడుకుంటే అవతలివాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు. లోపల ఎక్కడో బండ పగిలినప్పుడు నేల అదిరేది. అప్పుడు అమ్మ పొయ్యి ముందునుంచి లేవకుండా, అరమీది గిన్నెల వైపు మాత్రం చూసేది. గిన్నెలు కదిలి ఊరుకుంటే గరిటె మళ్ళీ తిరిగేది. గిన్నె కిందపడితే లైను మొత్తం గనిలోకి దిగే షాఫ్టు వైపు పరుగెత్తేది. మా చిత్తూరు వైపు చుట్టాలు వచ్చినప్పుడు ఈ వింత చూసి, "ఇట్లాంటి చోట నిద్ర ఎట్ల పడతాదే మీకు?" అనేవారు. నిజానికి అదరని రాత్రే మాకు నిద్ర పట్టేది కాదు.

గోడకు అవతలి ఇంట్లో మా మామ ఉండేవాడు. అమ్మకు తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు, లోపల బండకు డ్రిల్లు పట్టే పని. నేను మూడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం దీపం పెట్టే వేళకు గిన్నె కిందపడింది. మామా, అతని జతగాడూ పనిచేస్తున్న సొరంగం రెండుచోట్ల కూలింది. రెండు కూలిన చోట్లకూ మధ్యన మామ మిగిలాడు. జతగాడు ఇంకా లోపలివైపు, మామకు కనిపించని చోట చిక్కాడు. రెండు రాత్రులూ ఒక పగలూ గడిచిన తర్వాత మామను పైకి తెచ్చారు. ఒంటిమీద గాయం లేదు. జతగాడి శవం మర్నాడు వచ్చింది. అప్పటినుంచి మామను లోపలికి పంపలేదు. పైన పనిముట్ల కొట్టులో కూర్చోబెట్టారు.

వచ్చిన వారానికి అలవాటు మొదలైంది. దీపం పెట్టే వేళకు అవతలినుంచి గోడమీద మూడు దెబ్బలు వినిపించేవి. షాఫ్టులో గంట మూడుసార్లు మోగితే, కిందికీ పైకీ తిరిగే బోనులో మనుషులున్నారని గుర్తు. చిక్కుకున్నవాళ్ళు గాలి పైపు మీద కొట్టేదీ ఆ మూడు దెబ్బలే. మూడు దెబ్బలు విన్నవాడు తిరిగి కొట్టి తీరాలి. కొట్టకపోవడమంటే ఆ మనిషిని ప్రాణంతో పూడ్చినట్టని మా లైన్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తొలిరోజు అమ్మ రోకలి బండతో జవాబు కొట్టింది. అవతల మంచం కిర్రుమంది, మామ పడుకున్నాడు. జవాబు రాకపోతే పడుకోడు. ఒకసారి మేము ఆవని జాతరకు వెళ్ళి ఆలస్యంగా తిరిగి వస్తే, గోడకు చేయి ఆనించి నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత ఆ పని నా వంతుకు వచ్చింది. ఎక్కాలు వల్లిస్తూ, అన్నం కలుపుకుంటూ, జ్వరంలో పలవరిస్తూ కూడా ఎడంచేత్తోనో కుడిచేత్తోనో గోడను మూడుసార్లు కొట్టేవాణ్ణి. చేతికి అది ఆవలింతకు చిటిక వేసినంత సహజమైపోయింది.

గనులు మూతపడ్డాయి. షిఫ్టు మారేటప్పటి గని కూత ఆగిపోయింది. లైన్లలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. నేను మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో సరుకుల లెక్కలు చూసే ఉద్యోగానికి వెళ్ళాను. బయలుదేరే రోజు మామ నన్ను ఏమీ అడగలేదు, అమ్మను మాత్రం, "అక్కా, ఇంగ నువ్వేనా?" అన్నాడు. "నేను యాడికి పోతాను, ఈడనే చస్తాను గదా" అంది అమ్మ. అలా జవాబు బాధ్యత మళ్ళీ రోకలి బండకు వెళ్ళింది.

మస్కట్‌లో రెండో వేసవిలో పన్ను నొప్పి మొదలైంది. ఎడమ దవడ మొత్తం ఒకే నొప్పి. ఏ పన్ను అని వేలుపెట్టి చూపలేకపోయాను. లవంగం, ఉప్పునీళ్ళు, మాత్రలు, చివరికి తోటి మలయాళీ ఇచ్చిన ఏదో నూనె, అన్నీ అయిపోయాక ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రి వెతుక్కుంటూ వెళ్ళాను. ప్రార్థన వేళ కావడంతో వీధిలో పిల్లి కూడా లేదు. ఎండకు గోడలు తెల్లగా, మా దిబ్బల్లాగా ఉన్నాయి. వైద్యశాల నేలకు దిగువన ఉంది. మెట్లు దిగుతుంటే చెవుల్లో గాలి బిగుసుకున్నట్టయింది. కిటికీ లేని గది, ఒక్క దీపం, కప్పు వెంట పోతున్న ఒక లావు పైపు. తెల్ల గడ్డం వైద్యుడు సౌమ్యంగా, పొడిపొడి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఎక్స్‌రే యంత్రం చెడిపోయిందని చెప్పాడు. ఒక్కొక్క పన్నూ తట్టి చూస్తాననీ, నొప్పి తగిలిన చోట చేయి కదిలించమనీ చెప్పి, నోరు తెరిపించి దూది కుక్కాడు.

అద్దం పిడి పంటికి తగిలితే ఆ చప్పుడు చెవికి బయటినుంచి రాదు. దవడ ఎముక గుండా, పుర్రె లోపలినుంచి, చాలా లోతునుంచి వస్తుంది. కళ్ళు మూసుకున్నాను. ఒక పన్ను మీద రెండుసార్లు తట్టాడు, ఆగాడు. తర్వాతి దానిమీద రెండుసార్లు, ఆగాడు. చివరినుంచి రెండో పన్ను మీద ఒకటి, రెండు, మూడు. మూడోది కొంచెం ఆలస్యంగా, కొంచెం మెత్తగా, దూరంనుంచి వచ్చినట్టు వచ్చింది. నా చేయి లేచి కుర్చీమీద మూడుసార్లు కొట్టింది. "ఇదేనా?" అన్నాడు. దూది వెనకనుంచి నేను చేసిన చప్పుడు అవునన్నట్టుగానే వినిపించి ఉంటుంది.

సూది మందు సగమే ఎక్కింది. ఆ తర్వాత జరిగినదానికి నొప్పి అనే మాట చాలదు. అతను మోకాలు కుర్చీకి ఆనించి, పట్టుకారుతో పన్నును ముందుకూ వెనక్కూ ఊపుతుంటే, ఎముక విరుగుతున్న చప్పుడు తలలోపల సొరంగం కూలినట్టు మోగింది. ఆ పన్ను రావడం ఇష్టం లేక నేలను పట్టుకున్నట్టు పట్టుకుంది. అరవడానికి కూడా నోరు నాది కాదు. చివరికి వచ్చిన పన్నును ఉక్కు పళ్ళెంలో వేశాడు. దీపం కిందికి తెచ్చి, తిప్పి తిప్పి చూశాడు. దాని రెండు వేర్లూ నిలువుగా, తెల్లగా, మచ్చ లేకుండా ఉన్నాయి. అసలు నొప్పి దాని వెనక చివరి పంటిలో అలాగే అదురుతూనే ఉంది.

"నువ్వు కొట్టావు కదా" అన్నాడు, నింద లేకుండా.

"మీరు మూడుసార్లు తట్టారు" అన్నాను, రక్తం మింగుతూ.

"లేదు. నేను ఎప్పుడూ రెండే. ముప్పై ఏళ్ళుగా రెండే."

లెక్కలు నా వృత్తి. మూడు అని నాకు ఖాయంగా తెలుసు. రెండు అని అతనికి ఖాయంగా తెలుసు. చీము పట్టిన చివరి పన్ను గుండెతోపాటు అదురుతుంటుంది గనుక, ఆ అదురే నాకు మూడో తట్టుగా తోచి ఉంటుందని తర్వాత నేను తేల్చుకున్నాను. ఆ లెక్క సరిపోతుంది. అయినా ఆ గదికి నేను మళ్ళీ వెళ్ళలేదు. చివరి పంటికి నరం తీయించే పని సెలవులో కోలారులో చేయించుకున్నాను.

ఆ సెలవులోనే మామ నా నోరు చూస్తానన్నాడు. గడపలో కూర్చోబెట్టి, గనికాలపు టార్చిలైటు పట్టుకుని, సొరంగంలోకి వంగినట్టు నా నోట్లోకి వంగాడు. "ఖాళీ బాగానే తీసినారప్పా. కట్టె నిలబెట్టలేదే?" అన్నాడు. "గనిలో కప్పుకు నిలబెట్టే కట్టె పంటికి ఏంది మామా?" అన్నాను. "యాడైనా అంతే. మంచిది పెరికి ఊరికే వదిలితే పక్కది ఒరిగి వస్తాది, చూస్తా ఉండు." లోపలినుంచి అమ్మ, "నోట్లో గూడా గని తవ్వినావా, బయటికి రారా" అని అరిచింది. అందరం నవ్వాం. నవ్వు ఆగాక నేను మూడు దెబ్బల సంగతి చెప్పాను. మామ టార్చి ఆర్పాడు.

"జవాబు కొట్టినావా?"

"కొట్టినాను. దానికే గదా మంచి పన్ను పోయింది."

"పోనీలే అల్లుడా. పన్నుదేముండాది. జవాబు ఇచ్చినావు గదా."

అప్పుడు, మొదటిసారీ చివరిసారీ, అతను ఆ రెండు రాత్రుల సంగతి చెప్పాడు. షాఫ్టు వైపు పైపు తెగిపోయింది, అటునుంచి ఎవరి దెబ్బా వినిపించే వీలు లేదు. లోపలివైపు మాత్రం పైపు బండల కిందుగా జతగాడి దాకా పోయి ఉంది. మామ కొట్టినప్పుడల్లా లోపలినుంచి మూడు దెబ్బలు వచ్చేవి. ఆ జవాబును పట్టుకునే మెలకువగా, బుద్ధి చెడకుండా ఉన్నాడు. పైకి వచ్చాక డాక్టరు, జతగాడు మొదటి బండకే పోయినాడని చెప్పాడు.

"మరి కొట్టింది ఎవరు మామా? పైపు చల్లబడితే చప్పుడు చేస్తాది. బండ సర్దుకున్నా చేస్తాది" అన్నాను.

"చేస్తాది" అని ఒప్పుకున్నాడు. "ఎవరైతే నాకేమప్పా? నాకు జవాబు వచ్చిందా లేదా?" గోడవైపు చూసి, మామూలు గొంతుతో, "నేను ముందు కొడతానని మీరంతా అనుకుంటా ఉండారు. ముందు కొట్టేది నేను కాదు. దీపం వేళకు కింద నుంచి వస్తాది. నేను జవాబు ఇస్తాను. అంతే" అన్నాడు.

పాతికేళ్ళకు దగ్గరగా మేము ఆ గోడకు ఇవతల కూర్చుని అతనికి ధైర్యం చెబుతున్నామనుకున్నాం. అతను మరొకరికి చెబుతున్నాడు. ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇంటికి పోయి మూడు కొట్టాడు. వాటికి ముందు ఏమైనా వినిపిస్తుందేమోనని నేను గోడకు చెవి పెట్టి ఉన్నాను. నాకు ఏమీ వినిపించలేదు. జవాబు మాత్రం కొట్టాను.

మరుసటి వేసవికి మామ పోయాడు. నేను వచ్చేసరికి దహనం అయిపోయింది. ఇంటికి తాళం వేశారు. దీపం వేళకు అమ్మా నేనూ ఎప్పటిలాగే ఇవతల కూర్చున్నాం. గోడ నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం కొద్దికొద్దిగా దగ్గరికి జరుగుతున్నట్టుంది. నేను లైటు వేయడానికి లేచాను. అమ్మ నా చొక్కా పట్టి కూర్చోబెట్టి, రోకలి బండ అందుకుంది. గోడను కొట్టలేదు. నేలమీద, మెల్లగా, మూడుసార్లు కొట్టింది.

"ఏలమ్మా?" అన్నాను.

"మీ మామ లేడు గదప్పా. పాపం, కింద ఉండేవాడికి ఇంగ జవాబు ఎవరిస్తారు?"

మస్కట్ వదిలి వచ్చి బంగారుపేటలో ఇల్లు తీసుకున్నాక అమ్మ మాతోనే ఉంటోంది. ఇక్కడ కింద గని లేదు. అయినా దీపం వేళకు నేలమీద మూడు దెబ్బలు పడతాయి. కింది వాటాలో అద్దెకున్నవాళ్ళు మేము రోజూ కొబ్బరికాయలు కొడతామనుకుంటున్నారు. ఆ సోమవారం డాక్టరమ్మ దగ్గరినుంచి ఇంటికి చేరేసరికి సరిగ్గా ఆ వేళే. జరిగింది చెప్పాను. "ఎన్ని కొట్టినావు?" అంది. "మూడు." "సరిపోయింది" అని ఆ పూటకు రోకలి బండ పక్కన పెట్టేసింది.

పోయినవి: ఒక మంచి పన్ను, మామ, గని కూత, గోడ అవతలి మంచం చప్పుడు. మిగిలినవి: మామ చెప్పినట్టే ముందుకు ఒరిగిన నరం లేని పన్ను ఒకటి, వెలగని టార్చిలైటు ఒకటి, అమ్మ, మూడు దెబ్బలు. ఇన్నేళ్ళు గడిచాక వాటిలో ఏది మొదటి తట్టో, ఏది జవాబో విడదీసి రాయడం నాకు చేతకావడం లేదు.