తేనె రంగు చంద్రుడు

మనిషి ఆకాశం వైపు తలెత్తిన చరిత్రలో మహత్తర ఘట్టాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం ఇంతవరకూ ఏ గ్రంథానికీ ఎక్కలేదు. అది లిఫ్టాయన తుమ్ము.

ఊళ్ళో లిఫ్టులు చాలావరకు ఆయన చేతి చలవతో నడుస్తాయి గనక ఆయన లిఫ్టాయన. తానుండే భవనానికి మాత్రం లిఫ్టు లేదు. మబ్బు లేని, చంద్రుడున్న ప్రతి సాయంత్రమూ మెట్లెక్కి మేడ మీదికి చేరి, ఆయాసం తీర్చుకుని, టెలిస్కోపు మీది దుప్పటి తీసేవాడు. చొక్కా జేబులోంచి గుండ్రటి ఇత్తడి డబ్బా తీసి మర మూత విప్పేవాడు. అందులో ఉండేది ఐపీసు, అంటే టెలిస్కోపుకి మనం కన్ను ఆనించే చోట బిగించే చిన్న గాజుల గొట్టం. దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తేవాడు. అప్పుడు తుమ్మేవాడు. ఒకటే తుమ్ము. ముందు తుమ్ము, తర్వాతే చంద్రుడు. ఈ వరస ఏనాడూ తప్పలేదు. కింది వాటాల వాళ్ళు ఆ తుమ్ము విని గడియారాలు సరిచేసుకునేవారని ఒక వాదం ఉంది గానీ ఆధారాలు చాలవు.

ఐపీసు మామగారిది. ఆయన ఒక కాలేజీలో ఫిజిక్స్ లాబ్ చూసుకునేవాడు. పాత సామానుతో పాటు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాడు. ఎవరు చేశారో, ఎప్పటిదో చెప్పాల్సిన అక్షరాలు ఇత్తడి మీద ఎప్పుడో అరిగిపోయాయి. పెళ్ళయిన కొత్తలో, మామగారితో ఏం మాట్లాడాలో తోచక అల్లుడు గోడ గడియారం కేసి గుడ్లప్పగించి కూర్చుంటే, "రావయ్యా, పైకి పోదాం" అని ఆయనే మేడ మీదికి తీసుకెళ్ళి అందులోంచి చూడమన్నాడు. చంద్రుడు తేనె రంగులో, గుంటలు గుంటలుగా, చెయ్యి చాపితే తగిలేలా ఉన్నాడు. అల్లుడికి నోట మాట రాలేదు. తుమ్ము మాత్రం వచ్చింది.

"చిరంజీవ!" అన్నాడు మామగారు, చాలా తృప్తిగా.

అది మొదలు అత్తారింటికి వెళ్ళడానికి భార్య కన్నా ముందు ఆయనే సంచీ సర్దేవాడు. మామగారు పోయే ముందు ఆ డబ్బాని అల్లుడి చేతిలో పెట్టి ఒక్కటే ఆంక్ష విధించాడు. "అడుగున అతికించిన ఆ ఆకుపచ్చ గుడ్డబిళ్ళ జోలికి మాత్రం పోకు. అది ఊడితే గాజు పాడైపోతుంది." అల్లుడు ఆ బిళ్ళ జోలికి పోలేదు సరికదా, గీతలు పడతాయేమోనని గాజుని గుడ్డతో తుడవనైనా లేదు. చల్లటి గాజు మీద ఆవిరి పడుతుందని మధ్యాహ్నం నుంచే డబ్బాని గుండెల దగ్గరి జేబులో వెచ్చగా పెట్టుకునేవాడు. నక్షత్ర మిత్రుల సంఘంలో తక్కినవాళ్ళు ఫ్లాస్కు మూతలంతేసి కొత్త ఐపీసులు తెచ్చి చూపిస్తే, జాలిగా నవ్వేవాడు. "మీ చంద్రుడికి పాండురోగం. ఈ తేనె రంగు చూడండి. పాత గాజుకే వస్తుంది ఇది. ఇప్పుడెవరు చేస్తున్నారండీ అలాంటి గాజు?" అని ఉపన్యాసం మొదలెట్టేవాడు. ఆయన ఐపీసులో చూసిన సభ్యులందరూ తుమ్మేవారు. సాయంత్రపు మంచు అని సరిపెట్టుకునేవారు.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం, ఆస్పత్రి లిఫ్టు బాగుచేసి వచ్చి, గ్రీజు చొక్కా విప్పి మంచం మీద పడేశాడు.

"అది పక్కా, పనిబల్లా?" అంది భార్య.

ఆయన నొచ్చుకుని, ఎన్నడూ లేనిది చొక్కాని తానే తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్లో వేసి మీట నొక్కాడు. కాసేపటికి లోపల టకటకమని చప్పుడు మొదలైంది. భార్య కంగారుపడింది. ఆయన చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, వైద్యుడు నాడి చూసినంత గంభీరంగా విన్నాడు.

"బేరింగు పోయింది. కంగారేం లేదు, నడవనీ. రేపు విప్పుతాను."

మెషీన్ ఆగి, చప్పుడు కూడా ఆగాక, అలవాటు కొద్దీ చెయ్యి గుండెల మీదికి పోయింది. అక్కడ జేబు లేదు. బనీను ఉంది.

మెషీన్ తెరిచి చూస్తే డబ్బా మూత ఊడి ఉంది. ఐపీసు సొట్ట పడలేదు గానీ గాజుల మధ్య నీళ్ళు ఆడుతున్నాయి. డబ్బా అడుగున గుడ్డబిళ్ళ ఊడిపోయి, దాని కింద నల్లటి ముద్ద బయటపడింది. ఆయన బాత్రూమ్ గడప మీదే కూలబడ్డాడు.

"అయిపోయింది. బిళ్ళ ఊడితే గాజు పోతుందని మామయ్య చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆయన వస్తువు నా చేతులతో నేనే చంపేశాను."

భార్య డబ్బా అందుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆమె మొహం చిన్నపిల్ల మొహమైపోయింది.

"ఏమండీ, ఇది మా నాన్న."

"ఏంటి?"

"మా నాన్న వాసన. ముక్కుపొడుం ఇది!"

జీవితమంతా గ్రీజు పీల్చిన ముక్కుతో ఆయన కూడా ప్రయత్నించాడు. వెంటనే భళ్ళున తుమ్మాడు.

మామగారు పోయాక వీళ్ళ దగ్గరే ఉంటున్న అత్తగారు ముందుగదిలో స్వెటరు అల్లుకుంటోంది. ఇద్దరూ ఆమె దగ్గరికి పరుగెత్తారు. ఆమె డబ్బాలోకి ఒకసారి తొంగిచూసి, సూదులు ఆపకుండానే అంది: "ఇందులోనా దాచింది? పరుపంతా వెతికాను."

"నీకు తెలుసా అమ్మా?"

"మీ నాన్న చుక్కలు చూడ్డానికి మేడెక్కుతున్నాడని నేను నమ్మాననుకున్నావా? పొడుం మానమని నేను గొడవపెట్టాకే పుట్టింది ఆ శాస్త్రం. పైనుంచి తుమ్ములు వినపడేవి. పోనీలే, ఆ రుమాళ్ళు ఉతికే బాధ నాకు తప్పిందని ఊరుకున్నా."

అల్లుడు నూలుండ పక్కకి జరిపి ఆమె ముందు కూర్చున్నాడు. "అంటే అత్తయ్యా, ఆయన చంద్రుణ్ణి చూసేవాడే కాదా?"

"నువ్వొచ్చేదాకా లేదు బాబూ. నువ్వొచ్చి, ఆ గుంట పేరేంటి మావయ్యా, ఆ శనిగ్రహం ఉంగరం దేంతో అయింది మావయ్యా అని ప్రాణం తీశావు. అల్లుడి ముందు తెల్లమొహం వేస్తే పరువు పోదూ? పొద్దున్నే లైబ్రరీకి పోయి పుస్తకాలు మోసుకొచ్చి బట్టీ పట్టేవాడు. సాయంత్రం నీకు అప్పజెప్పేవాడు. చివరికి ఆ పిచ్చి నిజంగానే పట్టింది. పొడుం పీలిస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగి చుక్క సరిగ్గా కనపడట్లేదని పీల్చడమే మానేశాడు. జన్మంతా నేను పోరితే మానలేదు, నువ్వు ప్రశ్నలడిగితే మానాడు. ఆ మిగిలింది నీకు తెలిస్తే నామోషీ అని బిళ్ళ కథ చెప్పుంటాడు."

లిఫ్టాయన మోసపోయానని కోపం తెచ్చుకుందామని మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. రాలేదు. ఆయనకి పదే పదే గుర్తొచ్చింది ఒకటే: రేపటి ప్రశ్నకి భయపడి, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుండగా, పొద్దున్నే పుస్తకం ముందు కూర్చున్న మామగారు. తనకోసం అంత చదువు చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు.

నీళ్ళకి నానిన ఐపీసు మర దానంతటదే వదిలింది. లోపలి గాజులు తుడవడానికి ఆయన వెనకాడుతుంటే, భార్య లాక్కుని మెత్తటి పాత గుడ్డతో తుడిచింది. గుడ్డ పొడుం అంటి గోధుమ రంగుకి తిరిగింది. గాజు మీద గీత కూడా లేదు. సంఘంలో ఇన్నేళ్ళు చేసిన ఉపన్యాసాలన్నీ ఆ గుడ్డకి అంటుకోవడం ఆయన కళ్ళారా చూశాడు.

పొద్దు గుంకుతుండగా భార్యని కూడా మేడ మీదికి రమ్మన్నాడు. "నా వంతు కూడా చూసి రండి" అంది అత్తగారు. ఐపీసు బిగించి కన్ను ఆనించాడు. చంద్రుడు తెల్లగా, పదునుగా ఉన్నాడు. తానెన్నడూ చూడని చిన్న చిన్న గుంటలు కొండల నీడల్లో తేలి కనిపించాయి. వాటి పేర్లు అడగాలనిపించింది.

భార్య కూడా చూసి, చాలాసేపు తల ఎత్తలేదు. "ఇంత తెల్లగా ఉంటాడా?"

"నాకూ ఇవాళే తెలిసింది. మీ నాన్న చలవ" అన్నాడాయన.

తర్వాత అలవాటు ప్రకారం, మామగారి మర్యాద కోసం, ఐపీసు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చాడు. భార్య పక్కన నిలబడి, తండ్రిలాగే "చిరంజీవ!" అనడానికి సిద్ధంగా ఉంది.

తుమ్ము రాలేదు.