ఫొటోకు మాత్రం పాప కావాలట

ఈ రోజు మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో సాహిత్య సభ. 'పసిపిల్లల తల్లి, రచన' అనే అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. చేవెళ్లలో మా రెండేళ్ల పాపను చూసేవాళ్లు దొరకక వెంట తీసుకెళ్లాను.

అధ్యక్షుల వారి ఉపన్యాసం మధ్యలో ఆయన ఫోనే మూడుసార్లు మోగింది. ఎవరూ కిక్కురుమనలేదు. మా పాప ఒక్కసారి "అమ్మా, నీళ్లు" అన్నదో లేదో, నిర్వాహకుడు నా చెవి దగ్గరికి వచ్చాడు.

"జర పాపను బయటికి తీస్కపో అక్కా, సార్ మాట్లాడుతుండు."

సార్ మాట్లాడుతున్నది తల్లి త్యాగం గురించి.

బయట వంటల షెడ్డులో కూర్చున్నాం. పాప నా ఒళ్లో నిద్రపోయింది. నెల రోజులుగా ముగింపు దొరకని కథ బ్యాగులోంచి తీశాను. గంట తర్వాత అతనే పరుగెత్తుకొచ్చాడు.

"టైమ్ అయిపోయింది అక్కా, నువ్వు వచ్చేసారి మాట్లాడుదువు. ఫొటోకు దా. పాపను గూడ ఎత్తుకొని రా, టాపిక్‌కు మంచిగుంటది."

"పాప పండుకున్నది అన్నా. నేను రాసుకుంటున్న," అన్నాను.

ఫొటో ఇప్పుడే వాట్సాప్‌లో వచ్చింది. వేదిక మీద పదకొండు మంది మగవాళ్లు, వెనక బ్యానర్ మీద నా పేరు. నా కథ మాత్రం ఆ షెడ్డులోనే పూర్తయింది.

ఇంకా రెండు కథలు సగంలో ఉన్నాయి. నన్ను బయటికి పంపే సభలు ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, తప్పకుండా వస్తాను.