నేను చెప్పని సారీ

మా చోడవరంలో ఒక చట్టం ఉంది. ఏ పుస్తకంలోనూ రాసి లేదు గానీ పిల్లా పెద్దా అందరికీ కంఠతా వచ్చు. రెండు బళ్లు గుద్దుకుంటే తప్పు పెద్ద బండిదే. లారీ, ఆటో గుద్దుకుంటే లారీది. ఆటో, మోటారు సైకిలు గుద్దుకుంటే ఆటోది. ఎవరు ఎటు నుంచి వచ్చారో ఎవరికీ అక్కర్లేదు. ఈ లెక్కన సైకిలు తొక్కేవాడు పుట్టి బుద్ధెరిగాక ఏ తప్పూ చేసి ఉండడు.

నేను రావికమతం వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. ఆ రోజు పొద్దున్న స్కూటీ మీద డ్యూటీకి పోతున్నాను. మెయిన్ రోడ్డు, ఎడమ పక్క, నా దారి నాది. బస్టాండు దాటాక, ఆగి ఉన్న ఆటో చాటు నుంచి ఒక సైకిలు రాంగ్ రూట్‌లో ఎదురొచ్చింది. తొక్కే మనిషి తల వంచుకుని పందెంలో ఉన్నట్టు వస్తున్నాడు. బెల్లు లేదు, బ్రేకు వేసే ఉద్దేశమూ లేదు. నేను బండి ఆపేసి కాలు కింద పెట్టాను కూడా. ఆగి ఉన్న బండిని వచ్చి గుద్దాడు. ఇద్దరం పడ్డాం.

లేచి చూస్తే రిటైరైన హెడ్మాస్టారు. వ్యాయామం చెయ్యమని డాక్టరు చెప్పాడట, గేర్ల సైకిలు కొనుక్కున్నారు. నల్ల కళ్లద్దాలు, రంగు హెల్మెట్టు. అది మొదలు రోజూ పొద్దున్న రోడ్డంతా ఆయనదే. జంక్షన్‌లో హోంగార్డు చెయ్యెత్తినా ఆగరు. అడ్డొచ్చినవాళ్లని కళ్లు కనబడవా అని తిట్టి మరీ పోతారు. ఊళ్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే, ఇంక అడిగేదెవరు?

నా మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. అయినా ముందు ఆయన మోకాలే చూశాను. పాతికేళ్లుగా చేస్తున్న పని, చేతులు వాటంతటవే పోయాయి. నా బ్యాగులోంచి దూది తీసి, తుడిచి, కట్టు కట్టాను. అదే నా కొంప ముంచింది. ఈలోగా జనం చేరారు.

"తప్పు నేకపోతే కట్టెందుకు కడతాది?" అన్నాడు పళ్ల బండి ఆయన.

"సారీ సెప్పెయ్ సిస్టరమ్మా, పెద్దోరు. సెప్పేస్తే ఏటైపోతాది?" అంది అరటిపళ్లు బేరమాడుతున్న ఆవిడ.

మాస్టారు మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని, క్లాసులో పిల్లల జవాబు కోసం చూసినట్టు నా సారీ కోసం చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. బండి ఎత్తుకుని వెళ్లిపోయాను.

సాయంత్రానికి మా వీధి వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలైంది. సైకిలు తొక్కేవాళ్ల వల్ల గాలి శుభ్రంగా ఉంటుంది, వాళ్లని మనం గౌరవించాలి అని ఒకాయన రాశాడు. గాలి శుభ్రం చేస్తే రాంగ్ రూట్‌లో రావచ్చా? నంబరు ప్లేటు లేనిదాని మీద కేసెలా పెడతారని ఇంకొకాయన న్యాయం చెప్పాడు. ఆడాళ్లు స్కూటీలెక్కాకే రోడ్లు ఇలా తగలడ్డాయని మరొకడు. దానికి చప్పట్లు కొట్టే బొమ్మలు బోలెడు. ఒక కాలేజీ పిల్ల మాత్రం "మొన్న నన్నూ గుద్దేసేరు" అని పెట్టింది. నేను జవాబు రాసేలోపే ఆ మెసేజ్ తీసేసింది.

నాకు సైకిళ్ల మీద పగేమీ లేదు. బుచ్చయ్యపేట వైపు నుంచి చెరకు కొట్టడానికి వచ్చేవాళ్లు, హ్యాండిలుకి క్యారేజీ తగిలించుకుని, లారీల దుమ్ము మింగుతూ రోడ్డు అంచునే పోతారు. సైకిలువాడు పాపం అనే జాలి వాళ్లకి దక్కాల్సింది. దాన్ని మధ్యలో ఈయన కొట్టేశారు. అదీ నా మంట.

మా ఆయనది ఎరువుల కొట్టు. కొట్టుకొచ్చిన ఏ మనిషీ ఆయన దృష్టిలో తప్పు చెయ్యడు. "ఒక్క మాట సెప్పేస్తే పోద్ది కదే" అని ఇంట్లో సణుగుడు మొదలుపెట్టారు.

"గుద్దింది ఆయన."

"నీదే తప్పని నేనన్నానేటి? సారీ సెప్పమన్నాను, అంతే."

చెయ్యని తప్పులకి నేను చెప్పిన సారీలకు లెక్కే లేదు. సూది వేశాక బిడ్డకి జ్వరం వచ్చిందంటే తల్లికి చెప్పాను. నెట్ రాక రిపోర్టు ఆలస్యమైతే పై అధికారికి చెప్పాను. కానీ ఇది చెప్పను. ఇది చెబితే రేపు ఎవరొచ్చి గుద్దినా మళ్లీ నేనే చెప్పాలి. ఆరోగ్య కేంద్రంలో అడిగినవాళ్లకీ అదే చెప్పాను, కూరల కొట్టులో అడిగినవాళ్లకీ అదే చెప్పాను. కొన్నాళ్లకి అందరూ అడగడం మానేశారు. మా ఆయన కూడా ఊరుకున్నారు. హమ్మయ్య, నా మాట నెగ్గిందనుకున్నాను.

మొన్న డ్యూటీ నుంచి వస్తుంటే మాస్టారు మళ్లీ ఎదురొచ్చారు, మళ్లీ రాంగ్ రూట్‌లోనే. ఈసారి సైకిలాపి, నవ్వి పలకరించారు.

"ఏమ్మా, బాగున్నావా? ఆ విషయం నేనెప్పుడో మర్చిపోయేను. మీ ఆయన ఇంటికొచ్చి నీ తరఫున సారీ చెప్పేడు. నువ్వు సిగ్గుపడి రాలేకపోయేవట. పర్లేదులే, పొరపాట్లు సహజం."

ఆయన అదే రాంగ్ రూట్‌లో తొక్కుకుంటూ వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ ఊరంతటికీ ఎదురు నిలబడ్డానని మురిసిపోయాను. ఊరు ఎందుకు ఊరుకుందో అప్పుడర్థమైంది.

ఇంటికెళ్లేసరికి మా ఆయన అన్నం తింటున్నారు.

"మేస్టారికి సారీ సెప్పేరా?"

కంచంలోంచి తలెత్తలేదు. "నీ కోసమే కదే. నువ్వు సెప్పవు, జనం ఊరుకోరు. మద్దిన నేను నలిగిపోతన్నాను."

"నేను సిగ్గుపడతన్నానని కూడా సెప్పేరా?"

ఆయన కంచంలో మజ్జిగ పోసుకున్నారు.

"తినేసి లెగండి. ఆ సారీ ఎనక్కి తీసుకుందురు గాని."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నేను స్కూటీ వీధిలోకి తీసి, స్టార్ట్ చేసి, వెనక ఎక్కమన్నాను.