డౌన్‌లోడ్ కాని ముఖం

మనం అడగకముందే మన అక్కర ఎరిగిన తండ్రికి స్తోత్రం. మన విసుగును కూడా ఓర్పుతో వినే ఆయన నామానికి మహిమ.

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న ముసలమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"జెర చూడు బిడ్డా. మా అన్న పోయిండు. నేను పోయేసరికే మట్టి చేస్తరట. మొకం ఫొటో పంపిన్రు, తెరుస్తలేదు."

ఆమెకు వాట్సాప్ లేదు. ఫొటోను మామూలు మెసేజ్‌లో పంపారు. అలా పంపితే ముందు ఫొటో వచ్చిందన్న కబురు మాత్రమే ఫోన్‌కు చేరుతుంది. ఫొటో సిమ్ కంపెనీ దగ్గరే ఆగి ఉంటుంది, సిమ్ డేటాతో ఫోనే దాన్ని తెచ్చుకోవాలి. స్టేషన్ వైఫై దానికి పనికిరాదు. డేటా ఆన్ చేసి డౌన్‌లోడ్ నొక్కాను. చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. నొక్కిన ప్రతిసారీ ఆమె తలమీద కొంగు కప్పుకుని, చెప్పులు విడిచి లేచి నిలబడింది.

"ఊకె ఎందుకు లేస్తవమ్మా, కూసో," అన్నాను చిరాగ్గా.

"అన్న వస్తుండు గదా బిడ్డా. కూసుంటనా?"

ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అనే రికార్డు గొంతే తప్ప మనిషి పలకలేదు. ఇంతలో ఆమె రైలు వచ్చింది.

"ఫొటోను ఎన్నిరోజులు ఉంచుతరు వాళ్లు?"

"కొన్ని రోజులేనమ్మా. తర్వాత తీసేస్తరు."

"అయితే మట్టికి ఆగనట్టే ఆడ సుత ఆగరన్నట్టు," అంటూ ఫోన్ తీసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఆమె పేరు దేవునికి తెలుసు. ప్రియులారా, ఆ గడువు తీరకముందే, ఆమె చెప్పులు విడిచి నిలబడే ఏదో ఒక చోట ఆ ఫొటో తెరుచుకోవాలని నాతో కలిసి ప్రార్థించండి.