ఎల్లవ్వ బాత్రూం తలుపు

మొన్న ఎలక్షన్లల్ల ఏమైందో తెలుసా? నా కడుపునొప్పి మా ఊరికి సర్కారు స్కీమయి కూసున్నది! నవ్వకుండ్రి, చెప్తున్న గదా.

దంతాలపల్లి దిక్కు మా ఊర్ల బావ సర్పంచ్‌గ నిలవడ్డడు. ఇంటింటికి తిరిగే డ్యూటీ నాది. నాకేమో మూడేండ్ల సంది పెద్దపేగుల పుండ్లు. "తగ్గినా గోలీలు ఆపొద్దు" అని డాక్టర్ చెప్పిండు. మనం తెలివిగలోళ్లం గదా, తగ్గంగనే ఆపినం! ఊర్ల ఎవ్వరికీ చెప్పలే. రక్తం పడే రోగమంటే మంది దగ్గరికి రానిస్తరా అని నా భయం.

ప్రచారం మొదలువెట్టిన్నాడే కడుపుల మెలి! మొదటి ఇల్లు ఎల్లవ్వది. దండం పెట్టి, ఓటు సంగతి మర్చిపోయి, "అవ్వా, బాత్రూం ఉన్నదా?" అన్న. లోపల పావుగంట. బయటికొస్తే అవ్వ చేతిల ఆధార్ జిరాక్స్!

"మంచిగ చూసినవా బిడ్డా? గోనెసంచి పరదానే ఉన్నది, తలుపు లేదు. రాసుకో. సర్కారు బిల్లు ఎప్పుడొస్తది?"

నిజం చెప్పొచ్చు గదా? సిగ్గు! "చూస్త అవ్వా" అని జిరాక్స్ జేబుల వెట్టుకున్న.

ఇగ చూస్కో, బాత్రూంలు రాసుకుంటున్నరని నాకన్న ముందే ఊరంత పాకింది. రెండో ఇంట్ల అడగకముందే బాత్రూం తలుపు తీసి నిలవడ్డరు. నాలుగో ఇంట్ల ఫినాయిల్ కొట్టి పెట్టిండ్రు. ఇంకో ఇంట్ల కమోడ్ పక్కన ఫొటో దిగమన్నరు! మధ్యాన్నంకల్ల సంచి నిండ జిరాక్సులే.

సాయంత్రం మా మీటింగ్ కాడికి అవతలి పార్టీ వాళ్లొచ్చి ఒకటే లొల్లి. "దొంగ స్కీమ్ చెప్పి ఓట్లడుగుతుండ్రు, కంప్లైంట్ ఇస్తం!"

బావ మొఖం తెల్లవడ్డది. "ఏందిరా గిది? నన్ను ముంచుతవా?"

ఇంక దాస్తే బావ కొంప మునుగుతది. మైక్ గుంజుకున్న.

"స్కీమ్ లేదు, ఏం లేదు! నా పేగుల పుండ్లున్నయ్. అంటుకునేది కాదు. గోలీలు ఆపి ఆగమైన. బాత్రూం నాకోసమే అడిగిన!"

మందిల కూసున్న ఎల్లవ్వ లేచింది.

"గంతేనా? ముందుగాలనే చెప్తే బకెట్ నింపి పెడుదును గదా! నా కాగితం ఇటు తే."

మంది పకపక నవ్విండ్రు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

బావ గెలిచిండు. నేను గోలీలు మళ్ల షురూ చేసిన. నిన్న ఎల్లవ్వ తన బాత్రూంకు కొత్త తలుపు పెట్టించి, రిబ్బన్ కట్టి కబురు పంపింది. సర్పంచ్ బావ కత్తెర పట్టుకుంటే ఆయన చేతిలకెల్లి గుంజి నాకిచ్చింది.

"నీకెందుకు సర్పంచ్ సాబ్? పనివడేది ఈ బిడ్డకు. " అని నా దిక్కు తిరిగి, "నువ్వే ముందుగాల పో నాయినా!"

వాడకట్టంత చప్పట్లు కొడుతుంటే లోపలికి పోయిన. గోలీలు మంచిగ పనిజేస్తున్నయాయె! అవ్వ మనసు నొయ్యొద్దని పావుగంట ఉత్తగనే కూసొని వచ్చిన.