ఇంటాయన మాట

హనుమంతరాయుడికి కోపం ఎక్కువని కొత్తచెరువులో అందరికీ తెలుసు. అయినా పెళ్లికి మైకుసెట్టు కావాలంటే ముందు ఆయన దగ్గరికే వస్తారు. భోజనాల దగ్గర పాట ఎంతలో పెట్టాలో ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. పక్కవాడితో మాట్లాడటానికి గొంతు చించుకోవలసి వస్తే అది పాటే కాదంటాడు. పెళ్లికొడుకు స్నేహితులు వచ్చి "సౌండు పెంచన్నా, కిక్కు రావాల" అంటే, "కిక్కు కావాలంటే పోయి గాడిద ఎనక నిలబడు" అని తరుముతాడు. గోరంట్లలో ఒకసారి ఇలాగే మాటామాటా పెరిగి, పెళ్లి మధ్యలోనే డబ్బాలు ఊడదీసి ఆటోకెక్కించేశాడు.

గుత్తిలో రేడియోలు బాగుచేసే అంగడిలో నేల ఊడుస్తూ, పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్న పని ఆయనది. "మైకనేది గొంతు చాలనోనికప్పా. అరిచేవానికి ఎందుకు?" అంటుంటాడు. కానీ పెళ్లిళ్లలో మైకు పట్టుకునేది ఎప్పుడూ అరిచేవాళ్లే. ఇన్నేళ్లుగా అది చూసీ చూసీ ఆయన కడుపు మండిపోయి ఉంది.

అలాంటి మనిషి దగ్గరికి ధర్మవరం నుంచి శ్రీరంగప్ప వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయన మాట్లాడితే గాలి వస్తుంది గానీ మాట రాదు. కూతురు ఆశ్రిత పెళ్లి కుదిరింది. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మొదటి బంతికి వడ్డన అంతా అయ్యాక పెళ్లికూతురి తండ్రి నిలబడి "కానియ్యండి" అనాలి. ఆ మాట పడేదాకా పెద్దలెవరూ ఆకులో చెయ్యి పెట్టరు.

"నా తమ్మునితో చెప్పిచ్చమంటాండారు," అన్నాడు శ్రీరంగప్ప, హనుమంతరాయుడి చెవి దగ్గరికి వంగి. "నా బిడ్డ పెండ్లికి నేనే చెప్పల్ల గదన్నా."

"నువ్వే చెప్తావు. ఆ పూచీ నాది."

పెళ్లిరోజు పొద్దున్నే ఇద్దరూ ఖాళీ భోజనాల హాల్లో నిలబడ్డారు. మైకు పెదవులకు ఆనించి, సెట్టు మీద మరలు అటూ ఇటూ తిప్పి, ఆ గాలిలోంచి మాటను వెతికి పట్టడానికి హనుమంతరాయుడు చాలాసేపు కష్టపడ్డాడు. చివరికి "కానియ్యండి" అని గోడలకు తగిలేట్టు వినిపించింది.

"యాడ కానిచ్చేది సామీ, ఇంకా బియ్యమే ఉడకల్యా!" అని వంటింట్లోంచి వంటాయన కేకేశాడు.

శ్రీరంగప్ప ఎంతగా నవ్వాడంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. హనుమంతరాయుడు కూడా నవ్వాడు. ఆ రోజుకు వాళ్లిద్దరికీ అదే ఆఖరి నవ్వు.

మొదటి బంతి కూర్చుంది. ఓళిగలు, చిత్రాన్నం, పప్పు, వంకాయ కూర పడ్డాయి. అన్నం మీద నెయ్యి పడుతుండగా గంగాధరప్ప వచ్చాడు. మండలంలో పెద్ద లీడరు. వెనకే పదిమంది. పెళ్లికొడుకు మేనమామ నాగేశ్వర ఎదురుపోయి, శ్రీరంగప్ప కోసం సిద్ధంగా పెట్టిన మైకును తీసి లీడరు చేతిలో పెట్టాడు.

గంగాధరప్ప వధూవరులను రెండు ముక్కల్లో దీవించి, తన సంగతికి వచ్చాడు. రోడ్లు తానే వేయించానన్నాడు. ప్రతి చెరువుకూ నీళ్లు తెస్తున్నానన్నాడు.

"ముందు ఈ గ్లాసులోకి తెప్పిచ్చప్పా," అని బంతిలో ఎవరో గొణిగారు.

నెయ్యి పేరుకుంటోంది. ఇంటాయన మాట పడలేదు కాబట్టి ఎవరూ చెయ్యి కదపడం లేదు. శ్రీరంగప్ప స్తంభం పక్కన నిలబడి, కండువా సర్దుకుంటూ, పెదవులు కదిపి చూసుకుంటున్నాడు. హనుమంతరాయుడు ఇక ఆగలేకపోయాడు. వెళ్లి లీడరు భుజం పక్కన వంగాడు.

"అన్నా, పెండ్లికూతురు నాయన ఒక్క మాట చెప్పల్ల. మైకు ఇయ్యి."

గంగాధరప్పకు చిరాకేసింది. నోటి ముందు మైకుందన్న సంగతి మరిచిపోయాడు. "నీ పని నువ్వు కానియ్యప్పా!" అని కసిరాడు.

సగం వింటూ సగం కునుకుతున్న బంతికి అందులో ఒక్క ముక్కే చెవిన పడింది. అందరి చేతులూ ఒక్కసారిగా అన్నంలోకి పోయాయి.

శ్రీరంగప్ప నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

"చూసినారా, నా మాటకు ఎంత ఇలువుండాదో!" అని గంగాధరప్ప పగలబడి నవ్వాడు. వెనక పదిమందీ నవ్వారు. నాగేశ్వర హనుమంతరాయుడి వైపు చెయ్యి ఊపి, "ఇంగ పాట ఎయ్యి, పాట ఎయ్యి," అన్నాడు.

హనుమంతరాయుడు పాట వెయ్యలేదు. నేరుగా సెట్టు దగ్గరికి పోయి, లీడరు చేతిలోని మైకును ఆపేశాడు. తన ప్రకటనల కోసం పెట్టుకున్న వైరుమైకు తీశాడు.

"చెయ్యాపండి! ఇంటాయన ఇంకా మాట చెప్పల్యా."

చేతులన్నీ ఆకుల్లోంచి వెనక్కి వచ్చాయి. ముద్ద నోట్లో ఉన్న ముసలాయన ఒకడు తలెత్తాడు. "నోట్లోది మింగాల్నా, ఉమ్మాల్నా? అదన్నా చెప్పప్పా."

"మింగు తాతా. ఇంకోటి ఎత్తద్దు."

"ఎవుడ్రా వీడు?" అన్నాడు గంగాధరప్ప. మైకు పలకలేదు గానీ ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. "రేపట్నుంచి మండలంలో నీ డబ్బా యాడ మోగుతాదో చూస్తా!"

హనుమంతరాయుడు అటు చూడలేదు. వైరు లాక్కుంటూ స్తంభం దగ్గరికి నడిచాడు. శ్రీరంగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులేన్నా," అన్నాడు గాలితో. "తినేసినారు గదా. పెద్దాయనతో మనకెందుకు?"

అప్పుడొచ్చింది హనుమంతరాయుడికి అసలు కోపం. లీడరు మీద వచ్చినదానికి రెండింతలు. "మరి పొద్దన్నించి నా పానం ఎందుకు తీస్తివి? నీ బిడ్డ పెండ్లికి కూడా వాడే చెప్పల్నా? పలుకు!"

మైకు పెదవులకు ఆనించాడు. ముందు గాలే వచ్చింది. శ్రీరంగప్ప కళ్లు మూసుకున్నాడు. రెండోసారి మాట వచ్చింది, గరుకుగా, చిరిగిపోయి.

"కానియ్యండి."

చేతులు మళ్లీ అన్నంలోకి పోయాయి. ఈసారి నెమ్మదిగా. గంగాధరప్ప తన కోసం వేసిన ఆకు ముందు కూర్చోకుండానే, పదిమందినీ వెంటేసుకుని వెళ్లిపోయాడు.

నాగేశ్వర ఉరికొచ్చాడు. "నీకేమన్నా బుద్దుండాదా? అంత పెద్దమనిషి తినకుండా పాయ! రేపు ఆయన ముందర నేను ఎట్ల నిలబడల్ల?"

హనుమంతరాయుడు వైరు చుట్టుకుంటున్నాడు.

"నిలబడద్దు," అన్నాడు. "ఆడ ఆకు ఖాళీగా ఉండాది. పోయి కూచో. ఇంటాయన కానియ్యమన్నాడు."